సగం నిండిన కంటైనరు

మా బావ పాలిష్ ఫ్యాక్టరీ జమ్మలమడుగు శివార్లలో, ముద్దనూరు పోయే రోడ్డు పక్కన ఉండేది. బావంటే మా అక్క భర్త. పేరుకు ఫ్యాక్టరీ గాని ఉన్నది ఒక రేకుల షెడ్డు, ఒక కోత మిషను, రెండు పాలిష్ మిషన్లు, బండలు నిలబెట్టుకోవడానికి కాస్త ఖాళీ జాగా. గనుల నుంచి వచ్చిన నల్ల బండను కోసి, అంచులు సరిచేసి, నునుపు పట్టి అమ్మేవాడు. బయటివాళ్ళు కడప రాయి అంటారు, నాపరాయి అంటారు. మేం ఉత్త బండ అనే అంటాం.

రోడ్డు వెడల్పు చేస్తామని కొలతలకు వచ్చినవాళ్ళు షెడ్డు ముందు జాగాలో పదిహేను అడుగులు పోతాయన్నారు. ఆ వరసలో జాగా ఉన్నవాళ్ళంతా ఆఫీసుల చుట్టూ తిరిగారు. బావ తిరగలేదు. ఆ రోడ్డు ప్రొద్దుటూరు, మైదుకూరు, బద్వేలు మీదుగా తూర్పున సముద్రం ఒడ్డున ఉన్న పోర్టు దాకా పోతుందని ఆయన తెలుసుకున్నాడు.

"పోనీలేప్పా, పదైదడుగులే గదా. మన వాకిట్లో పోయే రోడ్డు ఓడ కాడికి పోతాంటే ఇంగేం గావాల. ఈడ ఎక్కిస్తే ఆడ దిగుతాది," అన్నాడు నాతో.

నేను టేపు పట్టుకుని మిగిలే జాగా కొలిచాను. పెద్ద బండి లోపలికి వచ్చి తిరగడానికి చాలదు. ఆ మాటే చెప్పాను.

"తిరగకపోతే తిరగకపాయ. రోడ్డు మీదనే నిలబెట్టి ఎక్కిద్దాం."

కొలవడం నా వృత్తి. ప్రొద్దుటూరులో ఉంటాను. పదో తరగతిలో తప్పాక ఒక బండల డిపోలో చేరి, అక్కడి గుమాస్తా చదరపు అడుగులు కడుతుంటే చూసి నేర్చుకున్నాను. తర్వాత బరువులు కట్టడం, లారీకి ఎంత పట్టేదీ చెప్పడం అలవాటైంది. జమ్మలమడుగు, పులివెందుల, ఖాజీపేట, ఎక్కడ బండ దిగినా, ఎక్కడ గోడ లేచినా ఎవరో ఒకరు కొలవడానికి పిలుస్తుంటారు. బావ దగ్గర మాత్రం పిలవకుండానే పోయేవాణ్ణి. అక్క పెట్టే అన్నం కోసం కొంత, ఆ షెడ్డులో పని చూడటం ఇష్టం కావడం వల్ల కొంత.

ఆ పని తగ్గిపోతూ వచ్చింది. మా చిన్నప్పుడు ఇల్లు కడితే నేల మీద బండ పరిచేవాళ్ళు. ఇప్పుడు ఎక్కడినుంచో టైల్సు వస్తున్నాయి. అట్టపెట్టెల్లో, అన్నీ ఒకే కొలతగా, ఒకే రంగుగా. బండ అడిగేవాళ్ళు మెట్లకు, వంటగట్టుకు, పశువుల కొట్టానికి అడుగుతున్నారు. బావ రెండు మిషన్లలో ఒకదాన్ని ఆపేశాడు. అంచులు రుద్దే ఆడవాళ్ళను వంతుల మీద రమ్మన్నాడు. ఈ వారం వచ్చినవాళ్ళు పై వారం రారు. వాళ్ళకు పని పంచడం మా అక్క చూసుకునేది. వంతు లేని వారం కూడా కొందరు వచ్చి షెడ్డు నీడలో కూర్చుని పోయేవాళ్ళు. వాళ్ళను పొమ్మనడం అక్కకు చేతనయ్యేది కాదు.

అదే కాలంలో పేపరు నిండా తూర్పు తీరం సంగతులే. పోర్టులో పెద్ద ఓడలు ఆగేలా లోతు తవ్వారని, రైలు పట్టాలు గోదాముల లోపలికే వేశారని, సముద్రం అడుగున తీగలు పరిచి విదేశాల కంప్యూటర్లను నేరుగా ఒడ్డుకు కలుపుతున్నారని, అందుకని బయటి దేశాల కంపెనీలు అక్కడ ఆఫీసులు తెరుస్తున్నాయని. ఒకరోజు పేపర్లో మ్యాపు వేశారు. సముద్రం నుంచి పడమరకు ఒక ఎర్రగీత, దాని మీద చుక్కల్లా మా ఊళ్ళు. బావ ఆ ముక్క కత్తిరించి స్విచ్చుబోర్డు పక్కన అతికించాడు. మిషను ఆన్ చేసినప్పుడల్లా దాన్ని ఒకసారి చూసేవాడు.

నిజంగానే ఒక కంపెనీ వచ్చింది. విదేశాల్లో ఇళ్ళ తోటల్లో నడకదారులకు బండలు వేయించే వ్యాపారం వాళ్ళది. పోర్టు పక్కన ఆఫీసు పెట్టుకున్నారు. పొద్దున ఆ ఆఫీసు నుంచి బయలుదేరి, మా దగ్గర రెండు గంటలుండి, చీకటి పడేలోపు మళ్ళీ సముద్రం చేరుకున్నారు. ఆ రోడ్డు లేని రోజుల్లో ఆ ప్రయాణం ఒకరోజులో అయ్యేది కాదు. వచ్చినవాళ్ళు ఇద్దరు. ఒకాయన తెల్లాయన. ఆయన మాట మాకూ మా మాట ఆయనకూ చెప్పడానికి కోస్తా వైపు అమ్మాయి ఒకామె. కాగితాల పని, ఎగుమతుల పని ఆమెదే.

బావ ఒక బండ మీద బిందెడు నీళ్ళు పోశాడు. నీళ్ళు పడగానే బండ నల్లగా, లోతుగా మారింది. తెల్లాయన గొంతుక్కూర్చుని అరచేత్తో రాసి చూశాడు. అక్క సంగటి, కోడికూర చేసింది. ఆయన రెండు అరటిపండ్లు తిని చాలన్నాడు.

"అంత మనిషికి రెండు పండ్లు యాడ సరిపోతాయి. అందుకే అంత దూరం రాళ్ళ కోసరం వచ్చినాడు, ఆకలికి," అన్నాడు మేస్త్రీ వాళ్ళ కారు పోయాక.

మేస్త్రీ బండలు పేర్చడంలో, ఎక్కించడంలో పెద్దదిక్కు. ముస్లిం. బావ కంటే పదేళ్ళు పెద్ద. బావ ఆయన్ని మామా అనేవాడు, ఆయన బావను అప్పా అనేవాడు. ఆయన పేర్చిన లారీ కన్యాకుమారి దాకా పోయినా ఒక అంచు రాలేదని చెప్పుకునేవాళ్ళు. ఆయన కొడుకులిద్దరూ కువైట్‌లో డ్రైవర్లు. ఇంటి పట్టున ఉండమని ఫోన్లు చేసేవాళ్ళు. ఈయన ఉండేవాడు కాదు.

నెల తిరక్కుండా ఆర్డరు వచ్చింది. ముందు ఒక్క కంటైనరు, చూడటానికి. అది సరిగ్గా చేరితే తర్వాత వరసగా తీసుకుంటారు. ఆ సాయంత్రం బావ ఆడవాళ్ళందరినీ పిలిచి చెప్పాడు.

"ఈ పెట్టె ఒకటి దాటితే వంతుల్లేవు. అందరూ రాండి. రెండో మిషను గూడా తిప్పుతాం."

అక్క ఆయన పక్కనే నిలబడి ఉంది. "దాటకపోతే?" అంది.

"దాటకపోతే మూసేస్తాం. ఇంగ తిప్పలేను నేను," అన్నాడు బావ. ఆయన అందరి ముందూ ఆ మాట అనడం అదే మొదటిసారి.

ఆ నెల షెడ్డులో జరిగిన పని నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. కొలత సెంటీమీటర్లలో ఉండాలి. అరవైకి అరవై. మా వాళ్ళ చేతికి అడుగులు, అంగుళాలు తప్ప రావు. కొత్త టేపులు కొనుక్కొచ్చి, అరవై దగ్గర ఎర్ర రంగు పూసి ఇచ్చాను.

"రెండడుగులని చెప్తే సచ్చిపోతారా వాళ్ళు," అన్నాడు మేస్త్రీ.

"రెండడుగులు కాదు మేస్త్రీ, కొంచెం తక్కువ."

"ఆ తక్కువేందో మనకే అంటించినారు. పుట్టినకాన్నుంచి అడుగుల్లో ఉండే బండకు ఇంగ్లీషు నేర్పిస్తాండారు."

మొత్తం వెయ్యి బండలు. యాభై యాభై చొప్పున ఇరవై చెక్కపెట్టెలు. ఆ చెక్క మామూలు చెక్క కాదు. పురుగు లేకుండా వేడిచేసి, చేశామని ముద్ర కాల్చిన చెక్కే వాడాలి. కాగితం మీద ఆ షరతు చదివి వినిపించినప్పుడు అందరూ నవ్వారు. రాయిని మోసే చెక్కలో పురుగుంటే వాళ్ళకేంటని.

ఇక్కడ మా ఊరి పద్ధతి ఒకటి చెప్పాలి. జమ్మలమడుగు నుంచి బండల లారీ ఎక్కడికి పోయినా వందకు రెండు కొసరు వేస్తారు. దారిలో పగుళ్ళు వస్తాయి, దించేటప్పుడు అంచులు రాలతాయి. కొన్నవాడు తక్కువ పడ్డాయని తిరిగి ఫోన్ చేసే పరిస్థితి రాకూడదు. అది బేరంలో భాగం కాదు, ఎవరూ అడగరు, బిల్లులో ఉండదు. వేయనివాణ్ణి మాత్రం లోకువగా చూస్తారు. ఆ కొసరు బండల మధ్య, లారీలో ప్రతి బండకూ బండకూ మధ్య, వరిగడ్డి పెడతారు. గడ్డి ఎంత పెట్టాలో, ఎక్కడ మడవాలో మేస్త్రీకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

కంటైనరు వచ్చిన రోజు మధ్యాహ్నానికల్లా పెట్టెలన్నీ లోపలికి చేరాయి. హైడ్రా క్రేన్ ఒక్కో పెట్టెను గుమ్మం మీద పెడుతుంటే, లోపల ఇనుప పైపుల మీద దొర్లించారు. ఇరవయ్యో పెట్టె కూడా చేరాక అందరూ తలుపు దగ్గర నిలబడి లోపలికి చూశారు. పెట్టెలు మనిషి నడుము ఎత్తుకే ఉన్నాయి. పైనంతా ఖాళీ. తలుపు దగ్గర కూడా ఒక మంచం పట్టేంత ఖాళీ.

"ఇదేందప్పా, సగం గూడా నిండలే," అన్నాడు మేస్త్రీ.

"నిండదు మేస్త్రీ. రాతికి జాగా కంటే ముందు బరువు అయిపోతాది. బరువు నిండింది, ఇక ఎక్కించకూడదు," అన్నాను.

"బరువు నీకు కాగితంలో కనపడతాది. తలుపు తెరిచినోనికి ఏం కనపడతాది? ఖాళీ కనపడతాది. జమ్మలమడుగోళ్ళు సగం పెట్టె పంపినారంటారు."

ట్రైలర్ డ్రైవరు బీడీ పారేస్తూ కలగజేసుకున్నాడు. "పత్తి ఎక్కిస్తే నిండుతాది పెద్దాయనా. రాళ్ళ పెట్టెలన్నీ ఇట్లనే పోతాయి."

"పత్తి ప్రొద్దుటూరోళ్ళు పంపుకుంటారులే," అన్నాడు మేస్త్రీ, ప్రొద్దుటూరువాణ్ణయిన నన్ను చూసి. అందరూ నవ్వారు. బావ నవ్వలేదు. లోపలి ఖాళీ వైపే చూస్తున్నాడు. నేను లెక్క వేసి చూపించాను. ఒక బండ బరువు, వెయ్యి బండల బరువు, చెక్క బరువు. ఆయన తలూపాడు. అర్థమైందనుకున్నాను. అర్థమయ్యే ఉంటుంది కూడా.

కాగితాలు ఆ పూటే కంపెనీకి పంపాలి. జమ్మలమడుగులో ఆ రోజు నెట్ లేదు. రోడ్డు తవ్వేవాళ్ళు కేబుల్ తెంపారట. అందుకని నేను బస్సెక్కి ప్రొద్దుటూరు వచ్చి, ఇరవై పెట్టెలు, వెయ్యి బండలు అని అక్కడినుంచి పంపాను. షెడ్డు దగ్గర నేను లేని సమయంలో ఏం జరిగిందో తర్వాత అక్క చెప్పింది. సీలు వేయబోతుంటే బావ ఆగమన్నాడు. మేస్త్రీ అప్పటికే గడ్డిమోపు పక్కన పెట్టుకుని ఉన్నాడు. ఇద్దరూ ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదట. మంచి బండలు, మచ్చ లేనివి ఏరి, వెయ్యికి ఇరవై లెక్కన తలుపు దగ్గరి జాగాలో నిలబెట్టి, మధ్యన గడ్డి దోపి, తాడు కట్టారు. అప్పుడు తలుపు మూసి సీలు వేశారు. అంత బరువులో ఆ ఇరవై బండల తేడా కాటాలో ఎవరికీ అనుమానం కలిగించేంత కాదు.

సాయంత్రానికి నెట్ తిరిగొచ్చింది. కంటైనరు ఎక్కడుందో ఫోన్లో కనిపిస్తుంది. నీలం చుక్క. బావ ఆ సాయంత్రమంతా దాన్నే చూస్తూ కూర్చున్నాడు. నేను ప్రొద్దుటూరు నుంచి ఫోన్ చేస్తే, "ఇప్పుడే మీ ఊరు దాటినాది, సూడలేదా?" అన్నాడు. బద్వేలు దాటాక కొండల్లో చుక్క ఆగిపోయింది. సిగ్నల్ లేక ఆగిందని చెప్పాను. అయినా ఆయన అన్నానికి లేవలేదు. కొండలు దిగి మళ్ళీ కదిలాకే లేచాడు. పొద్దునకు పోర్టు గేటు దగ్గర ఉంది. ఆ రోజు ఆడవాళ్ళందరూ, వంతు ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ, షెడ్డుకు వచ్చారు. ఎవరూ రమ్మనలేదు. రెండో మిషను తుడిచి, గ్రీసు పెట్టారు.

తర్వాతి రోజు పదకొండు గంటలప్పుడు నేను షెడ్డులోనే ఉన్నాను. బావ ఫోన్ మోగింది. కోస్తా అమ్మాయి. బావ స్పీకరు పెట్టాడు.

"ఏవండీ, మీ కంటైనరు కస్టమ్స్‌వాళ్ళు తనిఖీకి తీశారండీ. మొదటిసారి పంపేవాళ్ళవి ఎక్కువగా తీస్తూ ఉంటారు. తలుపు తీయగానే గడ్డి పడిందండీ."

"గడ్డా," అన్నాడు బావ.

"వరిగడ్డండీ. దాంతోపాటు లిస్టులో లేని బండలున్నాయి. ఇరవై అని రాశారు వీళ్ళు. ఎలా వచ్చాయండీ అవి?"

"అవి కొసరమ్మా."

అటువైపు కాగితాలు తిరగేసిన చప్పుడు.

"కొసరేంటండీ, ఇదేమన్నా కూరగాయల బజారా," అంది. కోపంగా అనలేదు. ఏడవబోతున్నట్టు ఉంది ఆ గొంతు. "గడ్డి ఉంటే ఆ దేశంలో దించనివ్వరండీ. పంట పురుగులొస్తాయని. మీకు ఇచ్చిన కాగితంలో ఉంది కదండీ, చెక్క గురించి."

"చెక్క గురించి ఉండాది. గడ్డి గురించి లేదు," అన్నాడు మేస్త్రీ వెనక నుంచి. ఆయన చెప్పింది నిజమే. ఆ కాగితం రాసినవాళ్ళకు రాళ్ళ మధ్య గడ్డి పెట్టే ఊరు ఒకటుందని తెలియదు.

మరునాడు తెల్లవారి బావా నేనూ కారు మాట్లాడుకుని బయలుదేరాం. రోడ్డు ఎంత బాగుందంటే కాళ్ళ మధ్య పెట్టుకున్న చెంబులో నీళ్ళు తొణకలేదు. పోర్టు దగ్గరికి వస్తుంటే రెండు వైపులా అద్దాల ఆఫీసులు, పొడవాటి గోదాములు, మనిషి జాడ లేని వెడల్పు వీధులు. కంటైనర్లు ఒకదాని మీద ఒకటి, మా ప్రొద్దుటూరు రామేశ్వరం గుడి గోపురం కంటే ఎత్తుగా. వాటిల్లో ఎన్ని సగం ఖాళీగా ఉన్నాయో అనుకున్నాను. బరువు సరుకు ఉన్నవన్నీ సగం ఖాళీయే. అక్కడ దానికి ఎవరూ సిగ్గుపడటం లేదు.

మా పెట్టె ఒక సిమెంటు గచ్చు మీద తలుపులు తెరిచి ఉంది. కొసరు బండలు కిందికి దించి వరసగా పెట్టారు. ఒక్కటీ పగల్లేదు. గడ్డి గచ్చు మీద అక్కడక్కడా పడి ఉంది. గాలికి కొంత పక్క కంటైనర్ల కిందికి పోతోంది.

"దాన్ని ఎత్తేయమంటున్నారండీ, ఒక్క పోచ కూడా ఉండకూడదట," అంది అమ్మాయి.

బావ తుండుగుడ్డ గచ్చు మీద పరిచి, వంగి గడ్డి ఏరడం మొదలుపెట్టాడు. నేనూ ఏరాను. చీపురు తెప్పిస్తానని ఆ అమ్మాయి రెండుసార్లు అంది. బావ వినిపించుకోలేదు. కంటైనర్ల కిందికి చెయ్యి పెట్టి మరీ తీశాడు. అంతా అయ్యాక గుడ్డ మూట కట్టి లేచి అడిగాడు.

"ఇంగ గడ్డి లేదు గదమ్మా. ఈ ఇరవై ఈడనే వదిలేస్తాం. మిగిలింది మీ లిస్టు ప్రకారమే ఉండాది. పోతాదా?"

"లోపలంతా పురుగుమందు కొట్టించాలి, కాగితాలు మళ్ళీ పెట్టాలి. అన్నీ అయ్యేసరికి ఓడ వెళ్ళిపోతుందండీ. తర్వాతి ఓడకు ఎక్కించొచ్చు కదా అని మావాళ్ళను అడిగాను." ఆమె తల దించుకుంది. "వద్దన్నారండీ. మొదటిదే ఇలా అయితే కష్టమన్నారు."

"పగిలితే మీకు ఇబ్బందని పెట్టినాం. ఎక్కువే గదా ఇచ్చింది, తక్కువ ఇయ్యలేదే."

"పగిలితే పగిలిందని రాసుకుంటారండీ, దానికి కాగితం ఉంది. ఎక్కువ వస్తే రాసుకోవడానికి ఎక్కడా చోటు లేదండీ."

బావ నా వైపు చూశాడు, నేనేమైనా చెప్తానేమోనని. నా దగ్గర లెక్కలే ఉన్నాయి.

వస్తుంటే ఆమె గేటు దాకా వచ్చింది. దూరంగా లేస్తున్న ఇనుప స్తంభాలు చూపించి, అది తమ కంపెనీదేనని చెప్పింది. ఇకమీద గనుల నుంచి బండను కోయకుండా దిమ్మెలుగానే తెప్పించుకుని, కోతా పాలిషూ ఇక్కడే చేసుకుంటారట. ఓడ పక్కనే కాబట్టి అన్నీ తమ కళ్ళముందే జరుగుతాయి. "ఇది ముందే అనుకుంటున్నారండీ. మీ పెట్టె బాగా చేరి ఉంటే కొన్నాళ్ళు ఆగేవాళ్ళేమో," అంది. ఆ మాట ఓదార్పుగానే అన్నదని నాకు తెలుసు. బావకు అది ఎలా తగిలిందో కారెక్కాక చూశాను. అద్దంలోంచి ఆ ఇనుప స్తంభాలు కనిపించినంతసేపు చూసి, తర్వాత కళ్ళు మూసుకున్నాడు.

సరుకు వెనక్కి వచ్చింది. దాన్ని ఇక్కడ ఎవరూ అడగరు. ఆ కొలత ఎవరి ఇంటికీ సరిపోదు. చివరికి పులివెందుల వైపు ఒక చీనీ తోటల, అంటే బత్తాయి తోటల, ఆసామి, కాయలు ఏరి పెట్టెల్లో సర్దే షెడ్డుకు నేల కావాలంటే తీసుకున్నాడు. కొలవడానికి నేను పోయాను. బావ కూడా వచ్చాడు. రావద్దన్నా వచ్చాడు. తాపీ మనిషి నాలుగు బండలు పరిచి తాడు పట్టి చూశాడు.

"ఇదేం కొలతప్పా. రెండడుగులకు రవ్వంత తక్కువుండాది. ఆ రవ్వంత ఎవురు తిన్యారు?" అన్నాడు.

"తెల్లోళ్ళు తిన్యారు," అన్నాడు బావ.

తాపీ మనిషి నవ్వి, చివరి వరస మిషనుతో కోయడం మొదలుపెట్టాడు. అంచులు రుద్దిన వైపే కోతకు పోయింది. మా అక్క పక్కన కూర్చుని నెల రోజులు ఆ ఆడవాళ్ళు రుద్దిన అంచు. బావ కొంతసేపు నిలబడి, దుమ్ము పడుతోందని చెప్పి బయటికి పోయాడు. చీనీ చెట్ల మధ్య ఆయన తెల్లచొక్కా చాలాసేపు ఒకచోటే కనిపించింది.

షెడ్డు మూసే మాట ఆయన చెప్పలేదు. అక్కే చెప్పింది. ఆడవాళ్ళు పనిలోకి వచ్చిన పొద్దున, వాకిట్లోనే ఆపి, రేపటినుంచి రావద్దంది. వాళ్ళు ఎందుకని అడగలేదు. ఒకామె మాత్రం, "రెండో మిషనుకు గ్రీసు ఊరికే పెడితిమి గదక్కా," అంది. మేస్త్రీ ఆ తర్వాత రెండు రోజులు వచ్చి, ఉన్న బండలన్నీ ఒక మూలకు చేర్చి, వానకు తడవకుండా పట్ట కప్పి పోయాడు. మళ్ళీ రాలేదు. దారిలో కనపడితే బావను పలకరిస్తాడు, ఆరోగ్యం గురించి, కొడుకుల గురించి మాట్లాడతాడు. గడ్డి తెచ్చింది తానే కాబట్టి తప్పు తనదని ఆయన అనుకుంటున్నాడు. ఆపమన్నది తానే కాబట్టి తనదని బావ అనుకుంటున్నాడు. ఇద్దరూ ఆ సంగతి ఎత్తరు.

మిషన్లు కొన్నది కూడా తూర్పు తీరంవాళ్ళే. వాటిని ఎక్కించడానికి ట్రైలర్‌ను లోపలికి తీసుకురాలేక రోడ్డు మీదే నిలబెట్టారు.

ఇప్పుడు గనుల దగ్గర దిమ్మెల బరువు కట్టే పని నాకు దొరికింది. పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి, దిమ్మె మీద సుద్దతో రాసి, ఫోన్లో పంపుతాను. పోర్టు పక్క కంపెనీ కోసమే. నేను పంపిన నిమిషానికి అక్కడ చూసుకుంటారు. నెట్ ఇప్పుడు బాగుంటుంది. వద్దందామని ఒకసారి అనుకున్నాను. నేను కాకపోతే ఇంకొకడు కొలుస్తాడు. వాడు సరిగ్గా కొలవకపోవచ్చు. అలా సర్దిచెప్పుకుని చేస్తున్నాను.

పని అయ్యాక సాయంత్రం అక్క వాళ్ళింటికి పోతాను. చొక్కా మీద రాతిదుమ్ము చూసి అక్క కాళ్ళకు నీళ్ళిస్తుంది. బావ మంచం మీద కూర్చుని టీవీ చూస్తుంటాడు. మొన్న అన్నం పెడుతూ అక్క అడిగింది.

"ఈ పొద్దు ఎన్ని పోయినాయిరా?"

"పదకొండు దిమ్మెలు."

"ఒక దిమ్మెకు ఎన్ని బండలు తెగుతాయో," అంది. నన్ను అడిగినట్టు లేదు.

లెక్క నా నోటి దాకా వచ్చింది. బావ టీవీ శబ్దం పెంచాడు. నేను కూర కలుపుకుని తిన్నాను. కాసేపటికి ఆయనే శబ్దం తగ్గించి, నా వైపు చూడకుండా అడిగాడు.

"మిషనుకు పోయేముందు దిమ్మెను రెండు దినాలు ఎండనీయాలని ఆడుండేవాళ్ళకు ఎవురన్నా చెప్పినారా? పచ్చిగా కోస్తే అంచు నిలవదు."

"తెలీదు బావా."

"చెప్పు," అన్నాడు. "ఫోన్ చేసి చెప్పు ఆ పాపకు."

అన్నం తిన్నాక వాకిట్లోకి వచ్చి కోస్తా అమ్మాయికి ఫోన్ చేశాను. ఆమె శ్రద్ధగా విని, రాసుకుంటానంది. ఎవరు చెప్పారని అడిగింది. చెప్పాను. అయితే ఆయన్ని పోర్టు దగ్గరికి వచ్చి తమ కోత పని చూసుకోమని అడగమంటారా అంది. లోపల మా బావ ఫోన్ మాటలు వినడానికి టీవీ పూర్తిగా ఆపేశాడు. నేను గొంతు తగ్గించి, వద్దమ్మా, అడగొద్దు అన్నాను.